బతికున్న మనిషికి స్మారక సైకిల్ యాత్ర

వికారాబాద్ నుంచి తాండూరు దాకా సైకిల్ మీద పోదామన్న ఆలోచన నాది. ఈ సంగతి మొదటే రాసి పెడుతున్నాను. యాత్ర రోజు పొద్దున వికారాబాద్‌లో వేదిక మీద పదకొండు మంది మాట్లాడారు. ఒక్కరూ ఆ ముక్క చెప్పలేదు. నేను కింద నిలబడి వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. ఎనిమిదో వక్త మాట్లాడుతుండగా ఎవరో నా భుజం తట్టి, నీళ్ల సీసాల పెట్టె కొంచెం పక్కకు జరపమన్నారు. జరిపాను.

తాండూరులో నాకు కళ్లద్దాల దుకాణం ఉంది. నేనూ మా మిత్రుడూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. తర్వాత వికారాబాద్‌లో ఒకే గదిలో ఉండి ఇంటర్ చదివాం. శనివారం సాయంత్రం రైలెక్కి ఇంటికి వచ్చేవాళ్లం. ఎక్కిన ప్రతిసారీ వాడు, ఒక్కసారి సైకిల్ మీద పోదాంరా అనేవాడు. వచ్చే వారం చూద్దాంలే అనేవాడిని నేను. ఆ వచ్చే వారం ముప్పై ఏళ్లు దాటినా రాలేదు. ఈ విషయంలో తప్పు నాదేనని వాడు పదిమందిలో చెబుతుంటాడు. అప్పుడు నాకు సైకిలే లేదన్న సంగతి మాత్రం చెప్పడు.

చదువయ్యాక వాడు కరణ్‌కోట వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. తోటివాళ్లంతా మోటార్ సైకిళ్లు కొనుక్కున్నా వాడు మాత్రం కారియర్ ఉన్న నల్ల సైకిల్ మీదే డ్యూటీకి వెళ్లి వచ్చేవాడు. నాపరాళ్ల లారీల దుమ్ములో తెల్లగా తడిసి తిరిగొస్తూ నా దుకాణం ముందు బెల్లు కొట్టేవాడు. ఆగేవాడు కాదు. ఎందుకాగవని అడిగితే, ఆగితే నువ్వు ఎవరి మీదనో చెప్పుడు షురూ జేస్తవ్ అనేవాడు. అది నిజమే కావచ్చు. అయినా మొహం మీద అనే మాట కాదు.

నాలుగేళ్ల కిందట వాడి పాదాలు నేలకు అతుక్కోవడం మొదలైంది. నడుస్తూ నడుస్తూ ఏదైనా గడప దగ్గరికి రాగానే ఆగిపోతాడు. పైశరీరం ముందుకు వంగుతుంది, పాదాలు మాత్రం సిమెంటులో పోసినట్టు ఉండిపోతాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. ఒక నిమిషానికో పావుగంటకో వాటంతట అవే విడుస్తాయి. హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు రెండు రోజులు పరీక్షలు చేసి, ఇది మెదడుకు సంబంధించిన జబ్బనీ, చాలా అరుదనీ, మెల్లగా ముదురుతుందనీ చెప్పాడు. దాని పేరు చీటీ మీద ఒక వరుసంతా పట్టింది. మా ఊళ్లో ఎవరికీ ఆ పేరు నోరు తిరగలేదు కాబట్టి ఎవరికి తోచిన జబ్బు వాళ్లు వాడికి అంటగట్టారు. ఒకాయన తాగుడన్నాడు. మా వాడు జన్మలో కల్లు కూడా ముట్టలేదు. అన్నది ఎవరో నాకు తెలుసు. అద్దాలకు నా దగ్గరికే వస్తాడు. అప్పటి నుంచి అతని ఫ్రేము కొంచెం బిగుతుగానే ఇస్తున్నాను.

ఆ రోజుల్లోనే ఇద్దరం ఒక పెళ్లికి వెళ్లాం. ఫంక్షన్ హాల్ గుమ్మంలో వాడి కాళ్లు ఆగిపోయాయి. వెనకాల వచ్చిన చుట్టాలు, గుమ్మంలో తెల్లచొక్కా వేసుకుని కొంచెం వంగి నిలబడ్డ మనిషిని చూసి, ఆడపిల్లవాళ్ల తరఫున ఎదుర్కొంటున్నాడనుకుని నమస్కారం పెట్టారు. వాడు తిరిగి పెట్టాడు. ఎవరో వాడి చేతికి పన్నీరు బుడ్డి ఇచ్చారు. కాళ్లు మాట వినకపోయినా చేతులు బాగానే వింటాయి కాబట్టి, వాడు ముప్పావు గంట సేపు వచ్చినవాళ్లందరి మీదా పన్నీరు చల్లాడు. పెళ్లికొడుకు మేనమామ వచ్చి రెండో బంతి ఎప్పుడని అడిగి, వాడు చెప్పిన సమయాన్ని నమ్మి వెళ్లిపోయాడు. మేమిద్దరం తినకుండానే ఇంటికి వచ్చాం. ఆ హాలు మా క్లాసులోనే చదివిన ఇంకొకడిది. భూములున్న ఇల్లు, ఇప్పుడు హాలూ కాంట్రాక్టులూ కూడా ఉన్నాయి. ఊరంతా పటేల్ అంటారు, నేనూ అంటాను. ఆ పెళ్లిలో పటేల్ మమ్మల్ని చూశాడు. తిన్నారా అని అడగలేదు.

సైకిల్ సంగతి బయటపడింది మాత్రం ఉస్తాద్ దుకాణం ముందు. ఉస్తాద్ మా బజారులో పాత సైకిల్ మెకానిక్, మాకంటే పదేళ్లు పెద్ద. ఒక మధ్యాహ్నం మా వాడు ఆయన దుకాణం ముందు రోడ్డు మధ్యలో అతుక్కుపోయాడు. రెండు వైపులా ఆటోలు ఆగి హారన్లు కొడుతున్నాయి. ఏం చేయాలో తోచక ఉస్తాద్ రిపేరుకు వచ్చిన ఒక సైకిల్ తెచ్చి, బియ్యం బస్తాను ఎక్కించినట్టు వాడిని సీటు మీదికెత్తి, ఇంటిదాకా తోసుకుపోదామని కారియర్ పట్టుకుని తోశాడు. పది అడుగులు పోయాక తోయడానికి ఏమీ మిగల్లేదు. మా వాడు తొక్కుకుంటూ పోతున్నాడు. బజారు దాటి, మలుపు తిరిగి, కనబడకుండా పోయాడు. గంట తర్వాత అటు నుంచి వచ్చి, దిగరాదు గనక దుకాణం చుట్టూ తిరుగుతూ ఉస్తాద్‌ను పట్టుకోమని కేకేశాడు. ఈలోపు సైకిల్ సొంతదారు వచ్చి, నడవలేనివాడు తన సైకిల్ ఎత్తుకుపోయాడంటే ఎవరు నమ్ముతారని ఉస్తాద్‌తో గొడవ పడుతున్నాడు.

డాక్టరును అడిగితే ఆశ్చర్యపోలేదు. ఇలాంటి జబ్బుల్లో కొందరికి నడక పోయినా సైకిల్ తొక్కడం మిగులుతుందట. ఎంతకాలం మిగులుతుందో మాత్రం తాను చెప్పలేనన్నాడు. హెల్మెట్ పెట్టుకోవాలి, పక్కన ఒక మనిషి ఉండాలి, ఆగేటప్పుడు ఎవరైనా పట్టుకోవాలి. వచ్చినన్నాళ్లు తొక్కనివ్వండి అన్నాడు. తిరిగివచ్చే రైల్లో వాడు కిటికీలోంచి రోడ్డు చూపించి, "కాళ్లు ఇంటున్నప్పుడే ఒక్కపారి వికారాబాద్ నుంచి ఇంటిదాంక తొక్కాల్రా. ఈసారి వచ్చే వారం అనకు," అన్నాడు. నేను అనలేదు.

కొండ ఘాట్ ఉన్న నలభై చిల్లర కిలోమీటర్లు. వెనకాల ఒక బండి రావాలి. శామియానాలు మోసే డీసీఎం వ్యాను పటేల్‌కు ఉంది. దాన్ని ఒక్క పూట అడుగుదామని వెళ్లాను. అదే నేను చేసిన తప్పు. పటేల్ అంతా విన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు, ఫోను తీశాడు. నేను చాయ్ తాగేలోపు అది పెద్ద సేవా కార్యక్రమం అయిపోయింది. ఇలాంటి నరాల జబ్బులున్నవాళ్ల కోసం తాండూరులో ఒక ఫిజియోథెరపీ గది కట్టించాలి, దానికి విరాళాలు పోగు చేయాలి, యువకులంతా సైకిల్ ఛాలెంజ్ చేయాలి. మంచి పనే. కాదనను. కానీ కమిటీ వేసినప్పుడు అధ్యక్షుడు పటేల్, నేను సలహాదారును. మూడో మీటింగ్‌కల్లా నా సలహాలు ఎక్కువయ్యాయని నన్ను మంచినీళ్లకు మార్చారు.

పటేల్‌కూ నాకూ మధ్య సైకిల్ విషయంలో పాత లెక్క ఒకటి ఉంది. తొమ్మిదో తరగతిలో స్లో సైకిల్ రేస్ పెట్టారు. అందరికంటే ఆఖరున వచ్చినవాడు గెలిచినట్టు. నేను అద్దె సైకిల్ మీద ఆఖరున వచ్చాను. నా కాలు నేలకు తగిలిందని చెప్పి స్టీలు గిన్నె పటేల్‌కు ఇచ్చారు. తగల్లేదు. చెప్పు వేలాడింది, అంతే. కమిటీ మొదటి మీటింగ్‌లో ఈ మాట ఎత్తితే, దానికీ దీనికీ ఏం సంబంధమని అందరూ నన్నే చూశారు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. మా దిక్కు వాలీబాల్ అయినా కబడ్డీ అయినా క్రికెట్ అయినా, ఒకరి పేరు మీద ఆట పెట్టారంటే ఆ మనిషి పోయినట్టే లెక్క. బతికున్నవాడి పేరు మీద ఎవరూ ఏదీ ఆడరు. ఫ్లెక్సీ దుకాణంవాడికి ఫోటో ఇచ్చి, ఫలానా వారి పేరిట సైకిల్ యాత్ర అని ఫోన్‌లో చెప్పారు. వాడికి తెలిసిన పద్ధతిలో వాడు వేశాడు. మధ్యలో మా వాడి ఫోటో, చుట్టూ బంతిపూల దండ, కింద ఒక దీపం, పైన పేరుకు ముందు 'స్వర్గీయ', పేరుకు తర్వాత 'స్మారక సైకిల్ యాత్ర'. పటేల్ ఫోటో మా వాడి ఫోటో కంటే పెద్దది. నా ఫోటో కింద మూలన ఉంది, అక్కడే కర్ర కోసం బొక్క పెట్టారు. ఒక కన్నూ సగం మీసమూ మిగిలాయి.

నేను ఫ్లెక్సీ విప్పించడానికి పోయేలోపే తాండూరులో నాలుగు చోట్ల, వికారాబాద్‌లో మూడు చోట్ల కట్టేశారు. మళ్లీ వేయించే సమయం లేదని పటేల్ ఆ రెండు మాటల మీద కాగితం అంటింపజేశాడు. ఆ సాయంత్రం వాన పడి కాగితాలు రాలిపోయాయి. అవి అంటించక ముందు కంటే ఇప్పుడు ఆ మాటలే ముందు కనబడుతున్నాయి, కడిగినట్టు మెరుస్తూ.

మర్నాడు పొద్దున్నుంచి జనం మా వాడి ఇంటికి రావడం మొదలుపెట్టారు. వాడు వరండాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. వచ్చినవాళ్లు గేటు దాకా ఏడుపు మొహంతో వచ్చి, వాడిని చూసి, ఏం చేయాలో తెలియక ఆరోగ్యం ఎట్లుందని అడిగి కూర్చున్నారు. వాడి భార్య అందరికీ చాయ్ పోసింది. ఆమె ఓపిక గల మనిషి. చావు పరామర్శకు వచ్చి చాయ్‌లో చక్కెర తక్కువైందన్న ఒకాయనకు కూడా ఏమీ అనకుండా వేసి ఇచ్చింది. బషీరాబాద్ నుంచి వాడి మేనత్త షేర్ ఆటోలో వచ్చింది. సందు మొదట్లో దిగినప్పటి నుంచే గుండెలు బాదుకుంటూ, సగం తెలుగు సగం కన్నడంలో వాడి చిన్నతనమంతా రాగం తీస్తూ వచ్చి గేటు తీసింది. వాడు పేపరు దించి, ఏం అత్తా అన్నాడు. ఆమె రాగం మధ్యలో ఆపి, కొంగుతో మొహం తుడుచుకుని, కోపంగా చూసింది.

"యాకప్పా, సావకముందే గంత పెద్ద పోటో ఎందుకేసుకున్నవ్? కందిచేను ఇడిసిపెట్టి వచ్చిన నేను."

వాడు తప్పయిందన్నాడు. ఆమె భోజనం చేసి, ఇకమీద నిజంగా పోయినా ఫోన్ చేస్తేగానీ రానని చెప్పి వెళ్లింది.

ఇదంతా వాడు నవ్వుతూనే భరించాడు. వాడికి కావలసింది రోడ్డు ఒక్కటే. ఉస్తాద్ నల్ల సైకిల్‌కు కొత్త టైర్లు వేసి, బ్రేకులు మార్చి, సీటు కొంచెం కిందికి దించాడు. వాడు రోజూ తెల్లవారి స్టేడియం గ్రౌండ్‌లో తిరిగేవాడు. ఎక్కించడానికి నేను, దించడానికి ఉస్తాద్. యాత్ర నాలుగు రోజులుందనగా పటేల్ కార్యక్రమం వివరం చెప్పాడు. సైకిళ్లు ముందు పోతాయి, వెనకాల డీసీఎంలో మా వాడు కూర్చుని వస్తాడు. హాల్లోంచి పెళ్లికుర్చీ తెప్పిస్తున్నాడు. ఎర్ర మఖ్మల్, చేతుల దగ్గర సింహాలు.

వాడు తొక్కుతాడు కదా అన్నాను. పటేల్ నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"జర సోంచాయించు. నడువరాని మనిషి కోసమని గింతమందిని పిలుస్తున్నం. గా మనిషే అందరి ముంగట సైకిల్ మీద వస్తే, గీనికి రోగమెక్కడిది అనరా? నా ఇజ్జత్ ఏంగావాలె?"

డాక్టరు దగ్గర సంతకం, ముద్ర వేయించి తెచ్చిన ఉత్తరం చూపించాను. ఇంగ్లీషులో ఉంది, జనం చదవరు అన్నాడు. తెలుగులో రాసిస్తానన్నాను. నువ్వు రాస్తే నాలుగు పేజీలవుతుందన్నాడు. పడితే ఎవరు జిమ్మేదారి అని కూడా అన్నాడు. ఆ ఒక్క మాటలో న్యాయం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు ఒప్పుకోలేదు.

మా వాడికి చెబితే చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆ వారంలోనే రెండుసార్లు వాడి చేయి కూడా మొరాయించింది, చొక్కా గుండీ పెట్టుకుంటుంటే మధ్యలో ఆగిపోయింది. అది నాకూ వాడి భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇంకో యాత్ర, ఇంకో ఏడాది అని చెప్పే వీలు లేదు. చివరికి వాడే, కుర్చీల కూసుంటనని చెప్పు, సైకిల్ గూడ బండిలెయ్యుండ్రి, ఎన్క సంగతి ఎన్క అన్నాడు.

ఆదివారం పొద్దున ఆరింటికని చెప్పిన యాత్ర ఎనిమిదిన్నరకు కదిలింది. అందరికీ పచ్చ టీషర్టులు ఇచ్చారు. నాదాకా వచ్చేసరికి పిల్లల సైజు ఒక్కటే మిగిలింది. వేసుకున్నాను. బొడ్డు దాకా రాలేదు. నా సైకిల్ మా బిడ్డ కాలేజీకి తొక్కినది, గులాబీ రంగు, గేర్లున్నాయి గానీ ఒక్కటే పడుతుంది. మా వాడిని నలుగురు కుర్చీతో సహా డీసీఎంలోకి ఎత్తారు. వెనకాల ఆ ఫ్లెక్సీనే కట్టారు. మెడలో దండ వేశారు. రెండు సింహాల మధ్య వాడు, పక్కన స్టూలు మీద వాడి భార్య. కాళ్ల దగ్గర జంపఖానా కింద నల్ల సైకిల్, దాని మీద ఏమీ ఎరగనట్టు ఉస్తాద్.

అనంతగిరి ఎక్కేటప్పుడు నా సంగతి ఎవరూ అడక్కండి. పాతిక మంది కుర్రాళ్లు నన్ను దాటిపోయారు. ఒకడు, అంకుల్ అది దిగి నూకుతరా, ఎక్కి తొక్కుతరా, ఏదో ఒకటి జెయ్యుండ్రి అన్నాడు. పచ్చ టీషర్టు, పొడుగు జుట్టు. మోమిన్‌పేట్ నుంచి వచ్చాడని తర్వాత కనుక్కున్నాను.

కొండ మీద చాయ్ కోసం అందరూ ఆగారు. పటేల్ కారు దిగి ఫోటోలు తీయించుకుంటున్నాడు. నేను రొప్పుతూ చేరేసరికి ఉస్తాద్ జంపఖానా తీసేశాడు, సైకిల్ కిందికి దింపాడు. ఇద్దరం కలిసి వాడిని కుర్చీలోంచి ఎత్తుతుంటే పటేల్ చూశాడు. కెమెరా వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. నేను ముందే అనుకున్న మాటలన్నీ అన్నాను, స్లో సైకిల్ రేస్ నుంచి మొదలుపెట్టి. పటేల్ నావైపు చూడనే లేదు. వాడి భార్యతో మాట్లాడాడు. ముందంతా దిగుడు, మలుపులు, లారీలు. పడితే దెబ్బలు తగులుతాయి, నువ్వన్నా చెప్పు చెల్లె అన్నాడు.

ఆమె ఒడిలో హెల్మెట్ పెట్టుకుని కూర్చుని ఉంది. అప్పటిదాకా ఈ యాత్ర గురించి ఒక్క మాట అన్న మనిషి కాదు.

"పడితె నేను లేపుకుంటనే అన్నా, ఇంట్ల రోజు లేపుతనే ఉన్న," అంది. "గిట్ల కూసోవెడితె ఎవరు లేపుతరు?"

పటేల్ తల గోక్కున్నాడు. మా వాడు, "పటేలా, బతికుండంగనే సంపి ఫ్లెక్సీ ఏసినవ్, ఏమన్న అన్ననా? నన్నింక ఇడిసెయ్," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పటేల్ దండ మాత్రం తీయొద్దని అడిగాడు. చక్రంలో పడుతుందని ఉస్తాద్ తీసేసి కుర్చీకి వేశాడు. పటేల్ కారెక్కి, వేదిక చూసుకోవాలని తాండూరు వెళ్లిపోయాడు.

ఉస్తాద్ కారియర్ పట్టుకుని తోశాడు. వాడు కదిలాడు. ఘాట్ దిగుతుంటే నేను పక్కనే ఉన్నాను, డాక్టరు చెప్పినట్టు. బ్రేకులు నొక్కు, ఎడమకు రా, లారీ వస్తుంది, నీకంటే నేను ముందు పడేట్టున్నాను అంటూ ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాను. వాడు ఒక్క మాటకూ జవాబివ్వలేదు. మలుపుల్లో చక్కగా వంగి లేచాడు. ఇంటి గడప దాటడానికి పావుగంట పట్టే మనిషి కొండ దిగుతున్నాడు.

కెరెళ్లి దాటాక ఇంకో చిక్కు వచ్చింది. వెనకాల డీసీఎంలో ఖాళీ కుర్చీ, దానికి దండ, పైన స్వర్గీయ అన్న ఫ్లెక్సీ, పక్కన స్టూలు మీద ఆడమనిషి. ముందు పచ్చబట్టల్లో సైకిళ్లు. రోడ్డు పక్క జనం లేచి నిలబడి దండాలు పెట్టడం మొదలుపెట్టారు. ధారూర్‌లో ఒక పెద్దమనిషి మోపెడ్ ఆపి, రుమాలు తీసి, శవం ఏదని డీసీఎం వాళ్లను అడిగాడట. ముందల సైకిల్ మీద పోతున్నడని ఉస్తాద్ చెప్పాడు. ఆయన మా వాడిని చూసి, కుర్చీని చూసి, మళ్లీ రుమాలు చుట్టుకుని, మోపెడ్ తిప్పుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాడి భార్య స్టూలు మీంచి లేచి దండ పక్కన పెట్టి పెళ్లికుర్చీలో తనే కూర్చుంది. తాండూరు దాకా అందులోనే వచ్చింది. కుర్చీ బాగుందే అన్నా, పెండ్లిల గూడ గిసొంటిది ఎయ్యలె అని తర్వాత చెప్పింది.

ధారూర్ అవతల నాపరాళ్ల లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. అందరం కాలు కింద పెట్టి ఆగాం. వాడు ఆగలేడు. ఆగితే మళ్లీ ఎక్కించాలి. లారీ పక్కన మట్టి జాగాలో చిన్న చుట్టు తిరగడం మొదలుపెట్టాడు, పడిపోయేంత మెల్లగా, పడకుండా. కుర్రాళ్లు ఫోన్లు తీశారు. పదిహేను చుట్లో ఇరవయ్యో అయ్యాక లారీ పక్కన సందు దొరికింది. వాడు అందులోంచి దూరి పోయాడు. నేను నా గులాబీ సైకిల్ ఎక్కేసరికి గొలుసు ఊడింది. డీసీఎం లారీ వెనకాలే ఇరుక్కుంది, దాని కోసం కుర్రాళ్లూ ఆగిపోయారు. గొలుసు ఎక్కించుకుని చూస్తే, దూరంగా తెల్ల హెల్మెట్ ఒకటి చిన్నదై పోతోంది.

అరిచాను. పేరు పెట్టి పిలిచాను. తిట్టాను. వాడు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. వాడి కోసం కమిటీతో కొట్లాడింది నేను, డాక్టరు చుట్టూ తిరిగింది నేను, పిల్లల టీషర్టు వేసుకున్నది నేను. తాండూరు దాకా నాకు వాడి వీపు తప్ప ఏమీ కనబడలేదు, కొంతసేపటికి అదీ లేదు.

తాండూరులో ఏం జరిగిందో చూసినవాళ్లు చెప్పారు. వేదిక ముందు రిబ్బను కట్టారు, బాజాలు పెట్టారు. పటేల్ మైకు పట్టుకుని రోగి రథం కోసం ఎదురుచూస్తున్నాడు. అందరికంటే ముందు ఒకే ఒక్క సైకిల్ వచ్చింది. హెల్మెట్, కళ్లద్దాలు, మొహమంతా దుమ్ము. వాలంటీర్లు పోల్చుకోలేదు. పేషెంట్ బండొస్తుంది, పక్కకు జరుగు పక్కకు జరుగు అని కర్రతో దారి మళ్లించారు. వాడు మళ్లించిన దారినే పోయాడు. గంట తర్వాత డీసీఎం వచ్చింది. బాజాలు మోగాయి. కుర్చీలో వాడి భార్య కనబడేసరికి పటేల్ ఒక్క క్షణం ఆగి, తెచ్చిన శాలువా వృథా కావొద్దని ఆమెకే కప్పాడు. డీసీఎం డ్రైవరుకు కూడా సర్టిఫికెట్ ఇచ్చారు. నేను వచ్చేసరికి అయిపోయాయి.

వాడు ఇంటికి పోలేదు. ఉస్తాద్ మోటార్ సైకిల్ తెచ్చి ఒక వైపు వెతకడానికి పోయాడు, నేను ఇంకో వైపు. మళ్లీ ఆ గులాబీ సైకిల్ మీదే కరణ్‌కోట దారి పట్టాను. ఇరవై ఏళ్లు వాడు డ్యూటీకి పోయిన దారి అదే కదా అనిపించింది. ఊరు దాటాక, ఒక నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ గోడకు ఎడమ చేయి ఆనించి, సైకిల్ మీదే నిటారుగా కూర్చుని ఉన్నాడు. పాదాలు పెడల్స్ మీదే ఉన్నాయి. కదిలినా పడతాడు, దిగినా పడతాడు. ఎంతసేపటి నుంచి అట్లా ఉన్నాడో.

నేను కారియర్ పట్టుకున్నాను. ముందుగా నీళ్లు తాగించాలి కదా, నేను మాత్రం ఒక్కసారి ఎనక్కి చూస్తే నీ సొమ్మేం పోయిందని అడిగాను. నలభై కిలోమీటర్ల కోపం ఉంది నాకు.

"తల తిప్పితే పడుత గదరా," అన్నాడు. "ధారూర్ దాటినంక గూడ జరసేపు నీ తిట్లు ఇనవడ్డయి. గంతే సాలు, ఉన్నవ్ అనుకున్న. ఆడికెల్లి ఇనవడలె. పరేషానైన. ఆగనీకి రాకపాయె."

మరి వేదిక దాటి ఇంత దూరం ఎందుకు వచ్చావంటే, పక్కకు జరుగమన్నరు, జరిగిన అన్నాడు. మొహం మీద దుమ్ములో రెండు చారలు ఉన్నాయి. చెమటో ఏమో నేను అడగలేదు. నీళ్లు తాగించాను. ఉస్తాద్‌కు ఫోన్ చేసి రమ్మన్నాను. ఆయన వచ్చేలోపు నేనొక్కడినే దించుతాను, నా మెడ పట్టుకో అన్నాను.

"జరసేపు గిట్లనే ఉండనియ్," అన్నాడు. "దిగితె మల్ల ఎప్పుడెక్కుతనో."

సరే అన్నాను. రెండు చేతులతో కారియర్ పట్టుకుని నిలబడ్డాను. వాడు గోడ మీంచి చేయి తీసి హ్యాండిల్ మీద పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. వాడి బరువంతా నా చేతుల మీద పడింది. లారీలు పోతున్నాయి, తెల్ల దుమ్ము ఇద్దరి మీదా పడుతోంది. ఉస్తాద్ వచ్చి, మమ్మల్ని చూసి, బండి దూరంగా ఆపి ఒక బీడీ ముట్టించాడు. వాడు అరగంట దాకా దిగుతానని అనలేదు. చేతులు గుంజుతున్నాయా అని నన్ను ఒక్కమాట అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.